పొరుగూరు లేని పక్షి

మొన్న సంక్రాంతికి మా బావ పోర్ట్‌బ్లెయిర్ నుంచి వచ్చాడు. ఆ ఊరి పేరు 2024లో శ్రీవిజయపురంగా మారింది గానీ మా ఇళ్లలో ఇంకా పోర్ట్‌బ్లెయిరే. శ్రీకాకుళం తీరం వాళ్లకు అండమాన్ ఏనాడూ పరాయి చోటు కాదు. మా మావయ్య పద్దెనిమిదో ఏట విశాఖపట్నంలో ఓడెక్కి వెళ్లి, జంగ్లీఘాట్‌లో వల పట్టుకుని, అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. బావ అక్కడే పుట్టాడు, అక్కడి పోలీసు శాఖలోనే చేరాడు. ఊరికి వచ్చినప్పుడు మాత్రం తేగలు కాల్చిన వాసన తగిలితే చాలు, ఎవరి పెరట్లోకైనా నేరుగా వెళ్లి కూర్చుంటాడు.

కనుమ మర్నాడు అతన్ని తేలినీలాపురం తీసుకెళ్లాను. నౌపడ ఉప్పు మడులు దాటి ఊళ్లోకి వెళ్లేసరికి చేపల వాసన ఎదురొచ్చింది. చింతచెట్ల ఆకుల మీద సున్నం జల్లినట్టు తెల్లటి రెట్టలు. కొమ్మకొమ్మకూ గూళ్లు. మేము నిలబడిన చోటికి దగ్గరగా ఒక గూడబాతు (పెలికన్) వచ్చి గూటి అంచున వాలింది. దాని పిల్ల అప్పటికే తల్లిలో సగానికి పైగా ఉంది. అది తల మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చేసింది. మెడ దాకా లోపలే. సంచి అటూ ఇటూ కదులుతుంటే తల్లి రెక్కలు కొద్దిగా విప్పి, కాళ్లు తడబడకుండా నిలదొక్కుకుంటోంది. పిల్ల తల బయటికి తీసినప్పుడు దాని ముక్కు చివర ఒక చేపతోక మెరిసింది. మరుక్షణం అదీ లోపలికి వెళ్లిపోయింది.

ఆ చెట్టు కింద ఇంట్లో ఒక మామ్మ తులసికోట కడుగుతోంది. "రోజుకు ఎన్నిసార్లు కడుగుతావు మామ్మా, విసుగు రాదా?" అని బావ అడిగాడు. "పురిటికొచ్చిన ఆడపిల్లల మీద విసుగేమిటి నాయనా?" అంది ఆమె, చెంబు పక్కన పెట్టకుండానే.

ఈ మాట మన జిల్లాలో కొత్తది కాదు. అక్కడివాళ్లు తరాలుగా అంటున్నదే. పక్షులు వస్తే ఊరికి మంచిదని, రాకపోతే ఏదో కీడని నమ్మకం. ఇచ్ఛాపురం పక్కన తేలుకుంచిలోనూ అంతే. అక్కడికి వచ్చేవి నత్తలు తినే కొంగలు, వాటితోపాటే వానలు వస్తాయని నమ్ముతారు. తేలినీలాపురం పక్షులు సైబీరియా నుంచి వస్తాయని మన దగ్గర చాలామంది ఇప్పటికీ అంటారు. నిజానికి గూడబాతులు గానీ, ఎర్రకాళ్ల కొంగలు గానీ సైబీరియా ముఖం చూసినవి కావు. రెండూ మన దక్షిణాసియా పక్షులే. మనవాళ్లనే మనం పరాయివాళ్లుగా పరిచయం చేసుకుంటున్నాం. ఆ సంగతి మరోసారి రాస్తాను.

తిరుగు ప్రయాణంలో బావ చాలాసేపు మాట్లాడలేదు. టెక్కలిలో టీ తాగుతున్నప్పుడు, గ్లాసు చేతిలో తిప్పుతూ అన్నాడు: "మా నార్కొండం పక్షికి ఇలాంటి మామ్మ లేదు బావా."

ఆ ఒక్క మాట మీదే ఈ వ్యాసమంతా.

తలుపు మూసుకున్న పురుడు

నార్కొండం ఉత్తర అండమాన్‌కు తూర్పున, నడిసముద్రంలో ఒంటరిగా లేచిన కొండ. నిద్రపోయిన అగ్నిపర్వతం. శిఖరం 710 మీటర్ల ఎత్తు. దీవి మొత్తం విస్తీర్ణం 6.8 చదరపు కిలోమీటర్లు, అంటే 1,700 ఎకరాలకు లోపే. మన వైపు ఒక మోస్తరు రెవెన్యూ గ్రామానికి అంత భూమి ఉంటుంది. అక్కడ జనావాసం లేదు. 1960ల చివరి నుంచి ఒక పోలీసు అవుట్‌పోస్టు మాత్రం ఉంది. వంతులవారీగా కొద్దిమంది సిబ్బంది వెళ్లి కొన్ని నెలలు ఉండి వస్తారు. బావ అలా వెళ్లినవాడే.

ఆ దీవిలో ఒక హార్న్‌బిల్ ఉంది. నార్కొండం హార్న్‌బిల్. ప్రపంచంలో మరెక్కడా లేదు. పక్కనున్న అండమాన్ దీవుల్లోనూ లేదు. దీన్ని 1873లో శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు ఏ.ఓ. హ్యూమ్. కాంగ్రెస్ స్థాపనతో మన పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన హ్యూమే. ఆయన పక్షుల పరిశోధన గురించి మా బడి పిల్లలకు ఒక్క వాక్యం కూడా చెప్పం. నేనూ ఇన్నేళ్లుగా చెప్పలేదు.

బావ మొదటిరోజు తెల్లవారుజామున నిద్రలేచింది ఒక చప్పుడుకు. "ఎవరో చేటతో ధాన్యం చెరుగుతున్నట్టు వినిపించింది. ఈ దీవిలో ధాన్యం ఎక్కడిది అనుకుని బయటికి వచ్చాను. తల మీదుగా వెళ్తోంది. రెక్కల చప్పుడు" అన్నాడు. నల్లటి ఒళ్లు, తెల్లటి తోక. మగదానికి తల, మెడ ఇటుకపొడి పూసినట్టు ఎర్రగా ఉంటాయి. ఆడదానికి అవీ నలుపే. రెండింటికీ గొంతు కింద నీలం కలిసిన తెల్లటి సంచి. పొడవాటి ముక్కు, దాని మీద చిన్న దిమ్మ.

ఫిబ్రవరి వచ్చేసరికి ఆడపక్షులు కనిపించడం తగ్గిపోయింది. ఎక్కడికి వెళ్లాయో అతనికి మొదట తెలియలేదు. దీవిలో ఎక్కువ రోజులు గడిపిన ఒక పెద్దాయన ఒక చెట్టు దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. మొదలు ఇద్దరు మనుషులు చేతులు కలిపినా చుట్టుకు రానంత లావు. పైన ఒక తొర్ర. ఆ తొర్ర ముఖం మూసేసి ఉంది. నడుమ నిలువుగా సన్నటి చీలిక మాత్రం మిగిలింది. ఆడపక్షి లోపలికి వెళ్లి, తన రెట్టతో, తిండి పిప్పితో తలుపు తానే మెత్తుకుంటుంది. లోపలే గుడ్లు, లోపలే పిల్లలు. తిండి తెచ్చే పని మగదానిది.

"మగది వచ్చి తొర్ర పక్కన బెరడును పట్టుకుని వాలింది. గొంతు ఒకసారి కదిలింది, ముక్కు చివర ఒక పండు. దాన్ని చీలికలోకి అందించింది. మళ్లీ గొంతు కదిలింది, ఇంకో పండు. లోపలి ముక్కు కొస మాత్రం కనిపిస్తోంది. నేను లెక్కపెట్టాను బావా, ఇరవై మూడు పండ్లు. అన్నీ ఒక్కసారి దిమ్మరించలేదు. ఒక్కొక్కటే అందించింది." ఇది చెబుతున్నప్పుడు బావ చేతివేళ్లు కూడా ఒక్కొక్క పండు అందిస్తున్నట్టే కదిలాయి. పదిహేనేళ్లు దాటినా అతనికి ఆ అంకె గుర్తుంది.

తేలినీలాపురంలో పురుడు ఊరి నడుమ, పదిమంది కళ్లముందు. నార్కొండంలో పురుడు తలుపు మూసుకుని, ఒక్క మగపక్షి మీద నమ్మకంతో. బయట ఆ మగది చనిపోతే లోపలివాళ్లకు తిండి ఉండదు. అది తెలిసిన దగ్గరనుంచి, ఏ అడవిలోనైనా హార్న్‌బిల్‌ను కొట్టారని విన్నప్పుడు నాకు ఒక పక్షి కనిపించదు. ఒక ఇల్లు కనిపిస్తుంది.

"వెయ్యి దాటాయి కదా మాస్టారూ"

పండుగ సెలవుల తరువాత బడిలో ఈ కబుర్లన్నీ చెప్పాను. మా సైన్సు మాస్టారు ఒకాయన బాగా చదువుతారు, ఊరికే మాట్లాడరు. ఆయన వెంటనే లెక్క తీశారు. 2020లో ప్రకటించిన అధ్యయనం అది. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ శాస్త్రవేత్తలు దీవిలో వారాల తరబడి ఉండి వేసిన అంచనా ప్రకారం పక్షులు 1,026. చదరపు కిలోమీటరుకు 151. ప్రపంచంలో ఏ హార్న్‌బిల్ జాతీ ఇంత దట్టంగా ఉన్నట్టు నమోదు కాలేదు. అంతకుముందు వేసిన అంచనాలు మూడు, నాలుగు వందల చుట్టూ ఉండేవి.

"వెయ్యి దాటాయి కదా మాస్టారూ, ఇక దిగులెందుకు? మన జిల్లాలో రాబందును చూసి ఎన్నేళ్లయింది? దాని గురించి రాయండి" అన్నారు.

ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. ఆయన మాటలో న్యాయం ఉంది. నా చిన్నప్పుడు ఊరి చివర గొడ్డు చనిపోతే ఆకాశంలో రాబందులు తిరిగేవి. మా పిల్లలకు ఆ పక్షి బొమ్మల్లోనే తెలుసు. దగ్గరలో పోయినదాన్ని వదిలి, వెళ్లి చూడలేని దీవిలో క్షేమంగా ఉన్నదాని గురించి బాధపడటం ఎంతవరకు సబబు? వారం రోజులు ఇదే తిరిగింది బుర్రలో.

మొదట నాకు తోచిన సమాధానం ఆయన చెప్పిన రాబందులోనే ఉంది. రాబందులు వేలల్లో లేవు, లక్షల్లో ఉండేవి. దేశమంతటా ఉండేవి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు, ఆ కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. తెల్లవీపు రాబందులు నూటికి తొంభై అయిదుకు పైగా పోయాక గానీ కారణం దొరకలేదు. 2006లో ఆ మందును పశువులకు వాడకూడదని నిషేధించారు. అంటే సంఖ్య కాపలా కాదు. లెక్క చెప్పిన రోజుకు మాత్రమే అది నిజం.

కానీ ఇందులో ఒక చిక్కు ఉంది, దాచిపెట్టను. రాబందులు అన్నిచోట్లా ఉండి కూడా పోయాయి. కాబట్టి ఎక్కువ చోట్ల ఉండటమూ పూర్తి రక్షణ కాదు. అయినా ఒక తేడా మిగిలింది. దేశం పెద్దది కాబట్టి, అక్కడో గుట్ట మీద ఇక్కడో కొండ మీద కొన్ని బతికాయి. వాటిని పట్టుకుని ఇప్పుడు మళ్లీ పెంచుకునే ప్రయత్నం జరుగుతోంది. నార్కొండం పక్షికి ఆ 'ఇక్కడో అక్కడో' లేదు. ఉన్నదంతా ఆ కొండ ఒక్కటే.

ఉద్దానం మాకు చెప్పింది

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పక్కనే తీరం దాటింది. ఉద్దానం గురించి మన వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. కొబ్బరి, జీడి, పనస కలిసి ఎండ నేలమీద పడనివ్వని తోటలు. మా పెదనాన్న తోటలో మధ్యాహ్నం పన్నెండింటికి కూడా నీడలోనే నడిచేవాళ్లం. ఆ ఉదయం గాలి తగ్గాక వెళ్తే నన్ను ముందు తాకింది పడిపోయిన చెట్లు కాదు, ఆకాశం. ఎప్పుడూ చూడనంత ఆకాశం. కొబ్బరిచెట్లు కొన్ని వేళ్లతో సహా లేచిపోయాయి, కొన్ని నడుముల్లో విరిగాయి. అన్నీ ఒకే వైపు తలలు పెట్టి పడుకున్నాయి. పెదనాన్న వాటి మధ్య నిలబడి ఒక్కొక్కదాన్నీ ఎవరు ఎప్పుడు నాటారో చెబుతున్నారు. ఇది నాన్న నాటింది, ఇది నీ పెళ్లి ఏడు నాటింది అని. లెక్క పెట్టడం మాత్రం ఆయన చేయలేదు. అధికారులు వచ్చి పెట్టారు.

అంతకుముందు రోజు ఎవరైనా వచ్చి "ఉద్దానంలో కొబ్బరికి ముప్పు ఉంది" అని ఉంటే నవ్వి ఉండేవాళ్లం. లక్షల చెట్లు. కానీ ఆ లక్షలూ ఒకే గాలికి ఎదురుగా నిలబడి ఉన్నాయి. ఆ సంగతి మాకు ఆ రోజే తెలిసింది. తరువాత మొక్కలు కోనసీమ నుంచో, మరో చోటు నుంచో తెచ్చుకోగలిగాం. కొబ్బరికి కోనసీమ ఉంది కాబట్టి.

తేలినీలాపురంలోనూ ఒక దెబ్బ తగిలింది. 2021 డిసెంబరులో గూడబాతులు చెట్ల మీది నుంచి రాలిపడటం మొదలైంది. వందకు పైగా చనిపోయాయి. చేపల ద్వారా కడుపులో చేరిన నులిపురుగులే కారణమని పరీక్షల్లో తేలింది. ఆ నెలల్లో ఊరివాళ్ల ముఖాలు చూడలేకపోయాం. ఇంట్లో పురుడు చెడినట్టే కూర్చున్నారు. అయినా ఒక ధైర్యం ఉంది. గూడబాతులు నెల్లూరు వైపు నేలపట్టులో ఉన్నాయి, కొల్లేరులో ఉన్నాయి, గుంటూరు పక్కన ఉప్పలపాడులో ఉన్నాయి. ఒకచోట ఇల్లు కూలితే బంధువుల ఇళ్లు ఉన్నాయి.

ఇక్కడికి వచ్చాక నా జవాబు నాకు దొరికింది. దీవి పక్షి విషయంలో మనం లెక్కపెట్టాల్సింది పక్షులను కాదు, చోట్లను. గూడబాతుకు ఎన్ని చోట్లు? చాలా. నార్కొండం హార్న్‌బిల్‌కు? ఒకటి. నాలుగు వందలు ఉన్నప్పుడూ ఒకటే, వెయ్యి అయినప్పుడూ ఒకటే, రేపు రెండు వేలు అయినా ఒకటే. 1,026 అన్నది మంచి వార్తే, నేను సంతోషించాను. కానీ ఆ అంకె వల్ల ఆ పక్షికి పొరుగూరు ఒకటి పుట్టలేదు.

దీపం వెలిగిన దీవి

బావకు ఇదంతా ఫోనులో చెబితే, "గాలి, రోగం మన చేతిలో లేవు కదా, వాటి గురించి ఏం చేస్తాం?" అన్నాడు. నిజమే. నా భయం వాటి గురించి తక్కువ. ఆ కొండ ఎన్నో తుపానులు చూసే ఉంటుంది, పక్షి వాటిని తట్టుకునే ఇంతకాలం వచ్చింది. అది చూడనివి మనతో పడవలో వచ్చి దిగేవే.

న్యూజిలాండ్‌లో స్టీఫెన్స్ అనే బుల్లి దీవి ఉంది. నార్కొండం కన్నా చాలా చిన్నది. అక్కడ ఎగరలేని ఒక చిన్న పక్షి బతికేది. ఒకప్పుడు పెద్ద దీవుల్లోనూ ఉండేదట, మనుషులతో వచ్చిన ఎలుకలు తినేయగా ఆ దీవిలో మాత్రం మిగిలింది. 1894లో అక్కడ లైట్‌హౌస్ వెలిగించారు. ఎవరికీ చెడు తలపు లేదు. ఓడలు రాళ్లకు తగలకుండా పెట్టిన దీపం అది. మన కళింగపట్నం దీపం లాంటిదే. ఆ సిబ్బందితోపాటు పిల్లులు వచ్చాయి. శాస్త్రవేత్తలకు ఆ పక్షి ఉందని తెలిసిందే పిల్లి నోట కరుచుకొచ్చిన కళేబరాలను చూసి. ఒకటి రెండేళ్లలో పక్షి లేదు. ఉందని తెలియడం, లేకుండా పోవడం ఒకేసారి జరిగాయి.

నార్కొండంలోనూ ఇలాంటిది ఒకసారి మొదలై ఆగింది. 1976లో సిబ్బంది మాంసం అవసరానికి మేకలను దించారు. వాటిని తినే జంతువు ఏదీ లేదు, మేత బోలెడు. పెరిగిపోయి అడవిలో చిన్న మొక్కలను మేసేశాయి. పెద్ద చెట్లు అలాగే ఉన్నాయి కాబట్టి చూసేవాళ్లకు అడవి పచ్చగానే కనిపించి ఉంటుంది. కానీ రేపటి చెట్లు పుట్టడం లేదు. ఆ మరుసటి ఏడే, 1977లో, దీవిని అభయారణ్యంగా ప్రకటించారు. మేకలు మాత్రం మరెన్నో ఏళ్లు అక్కడే తిరిగాయి. చివరికి వాటిని తొలగించారు. ఇందులో ఎవరిని తప్పుపట్టను? మేకను పెంచుకోవడం మన ఇళ్లలో పుణ్యం లాంటి పని. నడిసముద్రంలో నెలల తరబడి ఉండే కుర్రాడికి కూర కావాలనుకోవడం నేరం కాదు. ఏ ఒక్కరి తప్పూ లేకుండానే ఒక అడవి కరిగిపోగలదు. అదే నన్ను భయపెడుతుంది.

నికోబార్‌లో మెగాపోడ్ అనే మరో దీవి పక్షి ఉంది. ఒడ్డున ఇసుకా ఆకులూ కలిపి పెద్ద దిబ్బ వేసి గుడ్లు అందులో పూడుస్తుంది. కుళ్లిన ఆకుల వేడికే గుడ్లు పొదుగుతాయి. 2004 సునామీ ఒక్క ఉదయంలో ఆ ఒడ్లను తుడిచేసింది, తరువాత లెక్కపెడితే వాటి సంఖ్య దారుణంగా పడిపోయింది. అయినా వేర్వేరు దీవుల్లో ఉండబట్టి మిగిలింది. దాని కథ వేరే పెద్ద కథ.

సరిహద్దు అనే మాట

ఇక అసలైన ఇబ్బంది దగ్గరికి వస్తాను. తీరరక్షక దళం నార్కొండంలో రాడార్, దానికి డీజిల్ జనరేటర్లు, కొండ మీదికి దారి కావాలని అడిగింది. 2012లో అప్పటి పర్యావరణ మంత్రిత్వ శాఖ పక్షి కోసం వద్దంది. 2014లో కొత్త ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. తూర్పున మయన్మార్ ఉంది, సముద్రం మీద నిఘా కావాలన్నది వాళ్ల వాదన.

ఈ వాదనను తేలిగ్గా తోసిపుచ్చే స్థితిలో శ్రీకాకుళం వాడు ఉండలేడు. సముద్రంలో సరిహద్దు అంటే ఏమిటో మా తీరం ఇళ్లకు తెలుసు. 2018 నవంబరులో గుజరాత్ వైపు వేటకు వెళ్లిన మన మత్స్యకారులను పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయారు. డి.మత్స్యలేశంలో ఆడవాళ్లు ఏడాదికి పైగా వార్తల కోసం ఎదురుచూశారు. 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలిపెట్టేదాకా ఆ ఇళ్లలో పండుగ లేదు. నీళ్ల మీద గీత కనిపించదు, కనిపించే కన్ను ఒకటి ఉంటే బాగుండేదని వాళ్లు అనుకోరా? పక్షి కోసం రాడార్ వద్దని నేను వాళ్ల ముందు నిలబడి చెప్పగలనా?

బావను అడిగాను. అతను పోలీసు, నాకన్నా ఎక్కువ తెలుసు. అతను చెప్పింది ఇది. రాడార్ స్తంభం తాకి ఏ పక్షీ చావదు. స్తంభం వెంట దారి వస్తుంది. దారి వెంట మనుషులు, వాళ్లకు గదులు, వంటచెరకు, నీళ్లు. దీవిలో మంచినీళ్లు దొరికే చోటు అవుట్‌పోస్టు పక్కనే ఉంది, ఉన్న కొద్దిమందికే అది లెక్క చూసుకుని వాడుకోవాలి. ప్రతి పడవలో బియ్యం బస్తాలు, బస్తాల్లో ఎలుకలు. "కొండ మీద కన్ను పెట్టడం ఒక్కరోజు పని బావా. ఆ కన్నుకు కాపలా కాసేవాళ్లు రోజూ తింటారు" అన్నాడు.

కాబట్టి నా వాదన రాడార్ మీద కాదు. దేశానికి నిఘా కావాలి, సరే. ఓడ మీద, ఆకాశంలో, మరో దీవిలో పెట్టుకోగలిగిన యంత్రాలు ఉన్నాయి. ఆ పక్షిని మాత్రం మరో చోట పెట్టలేం. ఒకదానికి నాలుగు దారులు, మరొకదానికి ఒక్కటే దారి ఉన్నప్పుడు, దారులు ఉన్నవాడు పక్కకు జరగాలి. ఇరుకు గట్టు మీద ఎదురెదురుగా బండి, నీళ్లబిందె ఎత్తుకున్న మనిషి వస్తే ఎవరు ఆగుతారో మన పల్లెల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

మరో చోట పెట్టలేం అన్నానే, అది కూడా తొందరపడి అన్నమాటేమో అని రెండు రోజులు ఆలోచించాను. కొన్ని జంటలను పట్టి, వేరే దీవిలో వదిలితే పొరుగూరు ఏర్పడదా? కొబ్బరికి కోనసీమ ఉన్నట్టు? మా సైన్సు మాస్టారు ఈ మాటకు హుషారయ్యారు. వినడానికి సులువుగానే ఉంది. కానీ ఆ పక్షి బతుకంతా మర్రి, జువ్వి జాతి పండ్ల మీద, తొర్రలున్న పెద్దచెట్ల మీద ఆధారపడింది. నార్కొండంలో ఆ చెట్లు దట్టంగా ఉన్నాయి. వాటి గింజలను అడవంతా చల్లేదీ ఆ పక్షే. పక్షి చెట్లను నాటింది, చెట్లు పక్షిని పెంచాయి. ఈ రెండింటిలో ఒకదాన్ని మాత్రం పడవెక్కించి వేరే దీవిలో దించితే అక్కడ ముందే ఉన్న పక్షుల తిండి ఏమవుతుంది, దీని గూడు ఎక్కడ? ఎప్పుడో ఒకప్పుడు అది చేయక తప్పని రోజు రావచ్చు. శాస్త్రవేత్తలు చెబితే వింటాను. ఈరోజు మాత్రం, ఉన్న ఇంటిని కాపాడకుండా రెండో ఇంటికి పునాది గురించి మాట్లాడటం నాకు మనస్కరించడం లేదు.

మామ్మ ఎవరు?

తేలినీలాపురం పక్షులను కాపాడింది చట్టం ఒక్కటే కాదు. చట్టం లేనప్పుడూ ఆ ఊరు కాపాడింది. రెట్టలు పడిన నీళ్లు పొలాలకు ఎరువవుతాయని కొందరు అంటారు. లాభం లేకపోతే వాళ్లు చూసేవారా అని అడిగేవాళ్లూ ఉన్నారు. నేను ఆ మామ్మను చూశాను. ఆమెకు పొలం లేదు. రోజుకు నాలుగుసార్లు తులసికోట కడగడం తప్ప ఆమెకు వచ్చిన లాభం నాకు కనిపించలేదు.

నార్కొండంలో తులసికోట లేదు. ఆ పక్షి ఎవరి పొలానికీ ఎరువు వేయదు, ఎవరి ఊరికీ వాన తేదు. పర్యాటకులు వెళ్లి చూసే వీలూ లేదు, ఉండకూడదు కూడా. అక్కడ ఉండే మనుషులు ఆ కొద్దిమంది పోలీసులే. వాళ్లే ఆ ఊరు. వంతు ముగిసి వెళ్లిపోయే ఊరు అది. ఒక వంతువాళ్లు నేర్చుకున్నది తరువాతి వంతువాళ్లకు చెప్పకపోతే పక్షి దగ్గర మళ్లీ కొత్తవాళ్లే ఉంటారు. బావకు తొర్ర చూపించిన పెద్దాయన చూపించకపోతే, ఆ చెట్టునే వంటచెరకుకు కొట్టేవాళ్లమేమో అన్నాడు అతను. "మాకు తెలియదు కదా, బయటికి అది మామూలు చెట్టే."

అందుకే నాకు ప్రకటనల కన్నా చిన్న పనుల మీద ఆశ ఎక్కువ. వంటకు గ్యాసు క్రమం తప్పకుండా పంపడం. పిల్లి, కుక్క, మేక ఏ పేరుతోనూ దిగకుండా చూడటం. వెళ్లే ప్రతి బృందానికి, వెళ్లి వచ్చినవాళ్ల చేత ఒక పూట మాట్లాడించడం. అండమాన్ పోలీసులో, ఓడల్లో, రేవుల్లో మన జిల్లా బిడ్డలు ఎందరో ఉన్నారు. పండుగకు వచ్చినప్పుడు వాళ్లను తేలినీలాపురం తీసుకెళ్లమని ఈ వైపు చదువరులను అడుగుతున్నాను. మామ్మ ఇంటి ముందు కాసేపు నిలబెట్టండి.

ఇది రాస్తుండగా నిన్న రాత్రి బావ ఫోను చేశాడు. భావనపాడు వాళ్ల కుర్రాడు ఒకడు, ఉద్యోగంలో కొత్త, వచ్చే వారం నార్కొండం వంతుకు వెళ్తున్నాడట. ఏం తీసుకెళ్లాలని అడగడానికి ఇంటికి వచ్చాడట. దోమతెర, టార్చి, మందులు అన్నీ చెప్పాక, బావ అతన్ని మళ్లీ కూర్చోబెట్టి ఆ చెట్టు ఎక్కడ ఉందో కాగితం మీద గీసి ఇచ్చాడు. పడవెక్కించే ముందు బియ్యం బస్తాలు ప్రతిదీ విప్పి, కింద దాకా చెయ్యి పెట్టి చూడమని చెప్పాడు.